ఊరికే చెప్పే దారి

రాజమండ్రి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు ప్రకటించవద్దని కోరారు కనుక ప్రకటించడం లేదు. వారి పెద్దబ్బాయికి హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. జీతానికి లోటు లేదు. పేకాట లేదు, మరొకటి లేదు. ఉన్న వ్యసనమల్లా కొండలెక్కడం. శనివారం రాత్రి బస్సెక్కుతాడు. ఆదివారమంతా ఎక్కడో ఒక కొండమీద తిరుగుతాడు. సోమవారం తెల్లవారేసరికి మోకాళ్ళు గీరుకుపోయి, లాగు అంచులకు పల్లేరుకాయలు తగిలించుకుని గది చేరుకుంటాడు. "వయసులో ఉన్నవాడు, తిరగనీ అని సరిపెట్టుకున్నాను" అంటారావిడ. ఆవిడ దిగులంతా తక్కిన రాత్రుల గురించి.

సంక్రాంతి వెళ్ళాక నెల్లాళ్ళు కొడుకు దగ్గర ఉండి కళ్ళారా చూశారట. భోజనం కాగానే అబ్బాయి మళ్ళీ కంప్యూటరు ముందు కూచుంటాడు. తానూ, తనలాంటివాళ్ళు మరి నలుగురూ కలిసి కొండలెక్కేవాళ్ళ కోసం ఇంటర్నెట్టులో ఒక చోటు నడుపుతున్నారు. ఏ కొండకు ఏ ఊరినుంచి దారి, ఆ దారి ఎక్కడ చీలుతుంది, ఊట ఎక్కడ, చీకటి పడితే తలదాచుకునేందుకు ఏముంది - ఇదంతా అందులో ఉంటుంది. ఎవరైనా చూసుకోవచ్చు, తెలిసినవాళ్ళెవరైనా చేర్చవచ్చు. కాణీ ఇవ్వనక్కరలేదు. ప్రకటనలు కూడా వెయ్యరట. పైగా దాన్ని నిలబెట్టడానికి ఏటా అయ్యే అద్దె ఈ కుర్రాళ్ళే తలా కొంత వేసుకుంటారు! రాత్రి పదకొండు గంటలకు ముక్కూ మొహం తెలియనివాడెవడో "ఎల్లుండి ఫలానా వాగు దాటగలమా?" అని అడుగుతాడు. ఈయన పక్కమీంచి లేచి, ఇంకెవరికో టెలిఫోను చేసి కనుక్కుని, జవాబు రాసి గాని పడుకోడు.

ఇదిలా ఉండగా మొన్న పెళ్ళిచూపుల మాటలకు వచ్చిన పెద్దమనిషి "అబ్బాయిగారు రాత్రిపూట చేసే ఆ రెండో పని మీద ఎంత వస్తుందండీ?" అని అడిగారట. ఏమీ రాదని చెప్పడానికి ఆ తల్లికి నోరు రాలేదు. ఉత్తరం చివర ఇలా ముగించారు: "ఊరికే ఎందుకండీ వీడికీ చాకిరీ? మీ పేజీ వాడు చదువుతాడు. నాలుగు మాటలు రాయండి. పోనీ, మనిషికి పది రూపాయలైనా పుచ్చుకోకూడదా?"

తెలుగు పాఠం చెప్పుకుని బతుకుతున్న ప్రాణం కదా నాది, ఉత్తరం మడిచి పెట్టేలోగానే "ఊరికే" అన్న ఆ మాట దగ్గర మనసు ఆగిపోయింది. మన భాషలో దానంత గడుసు మాట మరొకటి లేదు. కూరలవాడు కొత్తిమీర ఊరికే ఇచ్చాడంటే ధర పుచ్చుకోలేదని. పక్కింటి కుర్రాడు ఊరికే తిరుగుతున్నాడంటే పనీపాటా లేదని. ఒకటి మెచ్చుకోలు, ఒకటి దెప్పిపొడుపు. ఆ సోదరి మాట వాడింది ఒక్కసారే గాని, రెండర్థాలూ అందులో పెనవేసుకున్నాయి. డబ్బు రానిది గనుక ప్రయోజనం లేనిది అని ఆవిడ తీర్పు.

వేసవి వచ్చిందంటే మన ఊళ్ళలో చలివేంద్రాలు వెలుస్తాయి, చూస్తూనే ఉన్నారు కదా. తాటాకు పందిరి, నాలుగు కొత్త కుండలు, ఒక దండ, రిబ్బను, ఫోటో. మొదటి రోజు నీళ్ళు పోసేవాళ్ళు తాగేవాళ్ళకంటే ఎక్కువ. పదిహేను రోజులు పోయాక అటు వెళ్ళి చూడండి. గ్లాసు గొలుసుతో సహా మాయమై ఉంటుంది, కుండ అడుగున నాచు పట్టి ఉంటుంది. ఎక్కడో ఒక చోట మాత్రం జ్యేష్ఠ మాసం దాకా నీళ్ళు చల్లగా నిండుగా ఉంటాయి. కనుక్కుంటే ఆ వెనకాల ఒక్క మనిషి ఉంటాడు. తెల్లవారుజామున లేచి కుండ కడిగి నింపే మనిషి. అతని ఫోటో ఏ పత్రికలోనూ పడదు.

కొండదారి చెప్పడం కూడా సరిగ్గా ఈ కుండ నింపడం లాంటిదే. దీనికి మన సాహిత్యంలోనే మంచి సాక్ష్యం ఉంది.

ఏనుగుల వీరాస్వామయ్యగారి పేరు కొందరైనా విని ఉంటారు. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీ పని చేసినవారు. 1830 మే 18వ తేదీన పల్లకీ, బోయీలు, పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దారి పొడుగునా చూసినదంతా తమ మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి రాస్తూ వచ్చారు. వీరాస్వామయ్యగారు పోయిన రెండేళ్ళకు, 1838లో, పిళ్ళెగారు దాన్ని "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చువేయించారు. మా కాలేజీలో పిల్లలకు ఈ పుస్తకం పరిచయం చేసినప్పుడల్లా మొదట మొహాలు ముడుచుకుంటారు. దేవాలయాల వర్ణన, నదుల స్తోత్రం ఉంటాయనుకుంటే, ఈయనేమో మజిలీ మజిలీకీ ఎన్ని ఆమడలు, దారి ఇసకా రాయా, నీటి వసతి ఎలా ఉంది, దుకాణాలున్నాయా, బస చెయ్యడానికి చోటుందా అని లెక్క రాసుకుంటూ పోతాడు! ఇదేం సాహిత్యమండీ అంటారు.

ఆ లెక్క ఎవరికోసం? ఆయన తిరిగి వచ్చేశాడు. ఆయనకు ఇక దానితో పని లేదు. రేపు బయలుదేరబోయే మనిషి కోసం రాశాడు. అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ నల్లమల మీదుగా వెళ్ళినవాడాయన. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరే ఆ అడవిదారిలో నీళ్ళెక్కడున్నాయో తెలియడమంటే ప్రాణం నిలబడడమే. ఇప్పటికీ శివరాత్రికీ ఉగాదికీ ఆ దారిన కాలినడకన వచ్చేవాళ్ళున్నారు. కన్నడ దేశం నుంచి మరీ ఎక్కువ. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన ఘనత పద్నాలుగో శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది. రాజు గనుక రాళ్ళు మోయించాడు. దుబాసీ గనుక వీరాస్వామయ్య కలంతో చేశాడు. ఇద్దరూ దారే వేశారు.

ఇది మన దేశంలోనే పుట్టిన బుద్ధి అనుకుని మురిసిపోనక్కరలేదు. పారిస్ నగరానికి దక్షిణంగా ఫాంటెన్‌బ్లో అనే అడవి ఉంది. కొండంత ఎత్తులు లేవు గాని, గుట్టలూ బండలూ బోలెడు. నెపోలియన్ సైన్యంలో పనిచేసిన దెనెకూర్ అనే ఆయన నడివయసులో ఉద్యోగం పోగొట్టుకుని, ఆ అడవిలో తిరగడం మొదలుపెట్టాడు. ఒంటరిగా తిరిగి ఊరుకోలేదు. 1840ల్లో సొంత డబ్బు ఖర్చుపెట్టి దారులు బాగుచేయించి, చెట్లమీదా రాళ్ళమీదా నీలిరంగు బాణాలు వేశాడు. వాటిని పట్టుకుని నడిస్తే, అడవి మొహం చూడని పట్నవాసం గుమాస్తా కూడా సాయంత్రానికి క్షేమంగా బండి అందుకోవచ్చు. 1849లో ఆ ఊరికి రైలు రావడంతో జనం విరగబడి వచ్చారు. ఆయన 1875లో చనిపోయాడు. సాధారణంగా ఇటువంటి కథలు అక్కడితో ముగుస్తాయి. రంగు వెలిసిపోతుంది, దారి మూసుకుపోతుంది. ఇక్కడ అలా జరగలేదు. కోలినే అనే చిన్న ఉద్యోగి కుంచె అందుకున్నాడు. ఆయన తరువాత 1907లో ఒక సంఘం ఏర్పడింది. నీలి గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

చెక్ దేశంవాళ్ళు దీన్ని మరింత పద్ధతిగా చేశారు. 1888లో ప్రాగ్‌లో నడకరుల సంఘం ఒకటి పెట్టుకుని, మరుసటి ఏడే మొదటి దారికి గుర్తులు వేశారు. జానెడు కూడా లేని చతురస్రం. పైనా కిందా తెల్ల చారలు, మధ్యలో రంగు చార - ఎరుపో, నీలమో, ఆకుపచ్చో, పసుపో. మసక వెలుతురులో కూడా కనబడడానికి ఆ తెలుపు. ఇప్పుడు ఆ చిన్న దేశంలో ఇంచుమించు 40 వేల కిలోమీటర్ల నడకదారులకు ఈ గుర్తులున్నాయి. వేసేవాళ్ళు జీతగాళ్ళు కారు. బడిపంతుళ్ళు, ఇంజనీర్లు, పింఛను పుచ్చుకునే తాతగార్లు. వేసి వదిలెయ్యరు. వంతు ప్రకారం మళ్ళీ అదే దారి నడిచి, వెలిసిన గుర్తుకు రంగు వేసి, పడిపోయిన చెట్టు మీది గుర్తును పక్క చెట్టుకు మారుస్తారు. ఆ మళ్ళీ నడవడమే అసలు పని.

సోదరిగారు ఉత్తరం కింద అబ్బాయి టెలిఫోను నెంబరు కూడా వేసి, "మీరే మందలించండి" అన్నారు. మందలించే ఉద్దేశం లేకపోయినా మాట్లాడాను. గంటసేపు మాట్లాడాడు. పిల్లవాడికి మాట పొదుపు, వివరం పుష్కలం.

దారి గియ్యడానికి అట్టే శ్రమ లేదట. జేబులో ఫోను పెట్టుకుని నడిస్తే ఉపగ్రహాల లెక్కతో అడుగు అడుగూ గుర్తు పడుతుంది. ఇంటికి వచ్చాక ఆ గీతను పటం మీద పెట్టడం అరగంట పని. ఇలా తలా ఒక గీత పెట్టి ప్రపంచం పటం మొత్తం గీసేసినవాళ్ళున్నారు. ఇంగ్లండులో ప్రభుత్వ సర్వే పటాలు స్వేచ్ఛగా వాడుకోవడానికి వీలులేకపోవడం చూసి, 2004లో స్టీవ్ కోస్ట్ అనే కుర్రాడు ఎవరైనా గీసి, ఎవరైనా వాడుకునే పటం మొదలుపెట్టాడు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని దాని పేరు. అందులో కొండదారులకు ఒక్క గీతతో సరిపెట్టరు. ఆ దారి ఎంత కష్టమో చెప్పడానికి స్విట్జర్లాండు పర్వతారోహకుల సంఘంవారి ఆరు తరగతులు వాడతారు. మొదటి తరగతి దారి మన అలిపిరి మెట్లలాగా ముసలివాళ్ళూ పిల్లలూ కూడా నడిచేది. ఆరోది దాదాపు బండకు కరుచుకుని పాకవలసింది. దారి కళ్ళకు ఎంత స్పష్టంగా కనబడుతుందో మరో వరసలో రాస్తారు. ఊట ఉంటే ఆ నీళ్ళు తాగవచ్చునో లేదో వేరుగా రాస్తారు.

"గీసిన మర్నాటి నుంచి అసలు పని మొదలవుతుందండీ" అన్నాడు అబ్బాయి. కార్తీక మాసంలో మోకాలి లోతున్న మడుగు వైశాఖంలో బురద. శ్రావణంలో అదే మడుగు మనిషిని మింగుతుంది. తడ దగ్గర ఉబ్బలమడుగు, నాగలాపురం కొండల్లో మడుగులు - ఫోటోల్లో చూస్తే పాలరాతి కొలనుల్లా ఉంటాయి. ఈతరానివాడికి చెప్పవలసిన మాట వేరు. అందుకని తారీకు లేని దారిని వీళ్ళు ఒప్పుకోరు. ఫలానా రోజున నడిచాను అని నడిచినవాడు రాయాలి. రెండు వర్షాకాలాలు గడిచినా ఎవరూ నడవకపోతే ఆ గీత రంగు మార్చి, ఇటీవల నడిచినవారు లేరని కింద రాస్తారు. ఒకడు ఉపగ్రహం తీసిన బొమ్మ చూసి, ఇంట్లో కూచునే, నడవని దారి గీసి పంపాడట. అది కొండచరియ దాకా పోయి ఆగే పశువుల బాట. అటువంటివి పట్టుకుని తీసెయ్యడానికే వారంలో రెండు రాత్రులు పోతాయి. తీసేస్తే గీసినవాడికి కోపం. ఆ కోపాన్ని చల్లార్చడానికి మూడో రాత్రి.

ఇంకొక తగాదా విని నాకు నవ్వూ సంతోషమూ కలిగాయి. కొండ పేర్ల తగాదా. కొండకింద పల్లెవాళ్ళు ఒక పేరంటారు, సర్వేవారి పటంలో ఆ పేరే ఇంగ్లీషు నోట్లో నలిగి మరో రూపంలో ఉంటుంది, పట్నం నుంచి వెళ్ళిన కుర్రాళ్ళు "సన్‌రైజ్ పాయింట్" అని మూడోది తగిలిస్తారు. వీళ్ళు పల్లెవాళ్ళ పేరునే ముందు వేస్తారట. పదవిచ్ఛేదం చెప్పి బతికే నాబోటి వాళ్ళు చెయ్యవలసిన పని కంప్యూటరు కుర్రాడు చేస్తున్నాడు.

తప్పు దారి చూపిస్తే ఏమవుతుందంటారా? బ్రిటన్‌లో అన్నిటికంటే ఎత్తయిన కొండ బెన్ నెవిస్. 1,345 మీటర్లు. మన హిమాలయాల పక్కన పెడితే చంటిపిల్ల. 2021 జూలైలో స్కాట్లండు పర్వతారోహకుల సంఘాలు ఒక హెచ్చరిక చేశాయి. అందరి ఫోన్లలోనూ ఉండే ఒక పెద్ద కంపెనీ పటం, కొండకు దగ్గరలో బళ్ళు నిలిపే చోటు నుంచి శిఖరానికి చుక్కల గీత చూపిస్తున్నదనీ, ఆ గీత పట్టుకుని పోతే కొమ్ములు తిరిగిన పర్వతారోహకులకే ప్రమాదమనీ. ఆ పటం కూడా ఊరికే దొరికేదే! దాని వెనక కోట్ల కొద్దీ డబ్బుంది. లేనిదల్లా ఆ గీత మీద కాలు పెట్టిన మనిషి.

దారిని నమ్ముకున్నవాళ్ళకు అది ఎంత పల్చటి ఆధారమో చెప్పడానికి ఒక్కటి చాలు. అమెరికాలో జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా అపలేచియన్ దారి అని సుమారు 3,500 కిలోమీటర్ల కొండదారి ఉంది. చెట్లమీద ఆరంగుళాల పొడుగు, రెండంగుళాల వెడల్పు తెల్లని పట్టీలే గుర్తు. 2013లో అరవై దాటిన ఒక మహిళ మెయిన్ అడవుల్లో ఆ దారి నుంచి కాలకృత్యానికి కాస్త పక్కకు వెళ్ళి, తిరిగి దారి కలుసుకోలేకపోయింది. ఫోను సందేశాలు వెళ్ళలేదు. రోజుల తరబడి గుడారంలో ఎదురుచూసింది, వెతికేవాళ్ళూ వెతికారు. రెండేళ్ళ తరువాత 2015లో ఆమె అవశేషాలు దొరికాయి. దారికి అదేమీ పెద్ద దూరం కాదు.

మన దగ్గరికే వస్తే, 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్ళినవాళ్ళను కార్చిచ్చు చుట్టుముట్టింది. ఇరవైమందికి పైగా పోయారు, ఎక్కువమంది పాతికా ముప్పై ఏళ్ళ వాళ్ళు. గడ్డి ఎండిన మాసంలో కొండ వేరు. అలిపిరి మెట్లు పాతికసార్లు ఎక్కినవారు మనలో ఎందరో ఉన్నారు. 2023 ఆగస్టులో ఆ మెట్లదారిలోనే ఆరేళ్ళ పాపను చిరుతపులి పొట్టనపెట్టుకుంది. ఆ వెంటనే చిన్నపిల్లలతో మధ్యాహ్నం రెండు దాటాక నడిచి ఎక్కకుండా ఆంక్ష పెట్టారు. మెట్లు నిన్నటివే. కబురు మాత్రం రాత్రికి రాత్రి మారిపోయింది. రాత్రి పదకొండు గంటలకు ఆ అబ్బాయి పక్కమీంచి లేచేది ఇందుకేనమ్మా.

ఇక్కడ ఒక పేచీ ఉంది, అది తేలికగా తెగేది కాదు. తెలిసిన దారులన్నీ చెప్పేయవలసిందేనా? జలపాతం ఒకటి ఎవరికీ తెలియక శుభ్రంగా ఉంటుంది. దాని దారి పటంలో పడిన ఏడాదికి అక్కడ బిర్యానీ పొట్లాలు, పగిలిన సీసాలు. నల్లమల పులుల అభయారణ్యం. అటవీశాఖవారి అనుమతి లేకుండా లోపలికి వెళ్ళడం నేరం. అందులో చెంచులు తరతరాలుగా నడిచే బాటలున్నాయి, వాళ్ళు పూజించుకునే చోట్లున్నాయి. అబ్బాయి బృందం అటువంటి దారులను పటంలో చూపించరాదని నియమం పెట్టుకుంది. ప్రపంచ పటం గీసేవాళ్ళ వాదన మరోటి: నేలమీద ఉన్న దారి పటంలో ఉండాల్సిందే, ప్రవేశం నిషేధమైతే నిషేధమని దాని మీదే రాయాలి. నాకు రెండోదే సబబనిపించింది. పటంలో లేని బాట ఎదురైతే కుర్రకారు దాన్ని తామే కనిపెట్టామనుకుని మరీ పోతారు. నిషేధమన్న మాట కనబడితే పదిమందిలో ఆరుగురైనా వెనక్కి తిరుగుతారు. చెంచుల దేవతల చోట్ల విషయంలో మాత్రం నేను అబ్బాయి పక్షమే. అవి చెప్పడానికి మనమెవరం?

చెప్పి ఉంచడం వల్ల ఎప్పుడేం ఒనగూడుతుందో ముందుగా లెక్క కట్టలేం. 2015 ఏప్రిల్ 25న నేపాలులో భూకంపం వచ్చింది. కొండల్లో పల్లెలకు పల్లెలు కూలిపోయాయి. సహాయానికి బయలుదేరినవాళ్ళకు ఏ ఊరు ఎక్కడుందో, ఏ కాలిబాట ఎటు పోతుందో తెలియాలి కదా. కాఠ్మండూలో కొందరు యువకులు ఊరికే గీసే పటం పని అప్పటికే రెండేళ్ళుగా చేస్తున్నారు. భూకంపం వచ్చిన రోజుల్లో దేశదేశాలనుంచి వేలమంది వాళ్ళతో కలిసి రాత్రింబగళ్ళు ఇళ్ళూ బాటలూ గీశారు. సహాయక బృందాలు ఆ పటాలు పట్టుకుని వెళ్ళాయి. గీసిన వేలమందిలో చాలామంది నేపాలు గడ్డ తొక్కనివాళ్ళే. ఉపగ్రహం బొమ్మ చూసి గీయడాన్ని ఇందాక తప్పుపట్టాను కదా అంటారేమో. బొమ్మ చూసి గీసిన దాన్ని అలా గీసినట్టు చెప్పి, నేలమీద ఉన్నవాళ్ళ చేత సరిచూపించుకుంటే పేచీ లేదు. నడవకుండా నడిచానని చెప్పడం దగ్గరే వస్తుంది చిక్కు.

సరే, పది రూపాయల సంగతి. కొండల వల్ల డబ్బు సంపాదించడం పాపమని నేననను. వెంట వచ్చి దారి చూపే గిరిజన యువకుడికి కూలి ముట్టవలసిందే, బేరమాడకుండా ముట్టాలి. కాని ఈ పటంలో ఉన్నది అబ్బాయి ఒక్కడి సొత్తా? మేకలకాపరి ఒక చీలిక చెప్పాడు, ఫారెస్టు గార్డు ఒక ఊట చూపించాడు, వరంగల్లు నుంచి ఎవరో, కోయంబత్తూరు నుంచి ఎవరో తలా ఒక గీత ఇచ్చారు. పదిమంది తెచ్చిన బియ్యంతో వండిన అన్నానికి వంటవాడు ధర కట్టినట్టుంటుంది. ధర కట్టిన రోజున "వాగు పొంగింది, పోకండి" అని రాసేవాడు కూడా నాకేమిస్తావని అడుగుతాడు. అడిగితే తప్పు పట్టలేం.

అయితే సోదరిగారి పక్షం నేను బొత్తిగా వదల్లేదు. అబ్బాయిని ఒక ప్రశ్న వేశాను. "నీకు పదిరోజులు జ్వరం వస్తే ఏమవుతుందోయ్?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. అద్దె కట్టేది తన కార్డు మీదే. లోపలికి వెళ్ళే తాళంమాట తనకొక్కడికే తెలుసు. తక్కిన నలుగురూ దారులు చేరుస్తారు గాని ఇల్లు నడిపేది ఇతనే. ఇది మాత్రం బాగాలేదు. అపలేచియన్ దారి 1937లో పూర్తయింది. ఇన్నేళ్ళుగా అది ఒక మహానుభావుడి భుజాల మీద నిలబడలేదు. దారిని ముక్కలు చేసి ముప్పైకి పైగా సంఘాలు పంచుకున్నాయి. ఫలానా కొండనుంచి ఫలానా వాగు దాకా మీది, అక్కడనుంచి మాది. చెట్టు పడితే ఎవరు రంపం తేవాలో ముందే తెలుసు. 2024 సెప్టెంబరులో పెద్ద తుపాను వచ్చి దక్షిణభాగంలో వేలకొద్దీ చెట్లు దారికి అడ్డంగా కూలినప్పుడు ఆ ఏర్పాటే ఆదుకుంది.

అందుచేత అబ్బాయికి నేను చెప్పిందేమిటంటే: కొండల్ని జిల్లాల వారీగా పంచు. నల్లమల ఒకరికి, చిత్తూరు వైపు కొండలు ఒకరికి, మన్యం ఒకరికి. తాళంమాట ఇంకో ఇద్దరికి చెప్పి ఉంచు. ఏడాదికి ఎంత ఖర్చయిందో పైసలతో సహా అందరికీ కనబడేటట్టు పెట్టి, ఇష్టమున్నవాళ్ళు ఇవ్వవచ్చునని ఒక్క వాక్యం రాయి. సిగ్గుపడకు, అది అడుక్కోవడం కాదు. రాత్రి ప్రశ్నలకు వంతులు వేసుకోండి. నీ వంతు కాని రాత్రి పదిన్నరకు దీపం ఆర్పెయ్యి. అన్నిటికీ "అలాగేనండీ" అన్నాడు. ఎంతవరకు చేస్తాడో వాళ్ళమ్మగారు కనిపెట్టి ఉండాలి.

పెళ్ళివారి ప్రశ్నకు జవాబు కూడా అడిగారు కనుక: ఈసారి ఎవరైనా అడిగితే నోరు దాచుకోకండి అమ్మా. "దారి తప్పినవాళ్ళకు దారి చెబుతాడండీ, డబ్బు పుచ్చుకోడు" అనండి. అది విని లేచి వెళ్ళిపోయే సంబంధమైతే వెళ్ళిపోవడమే మంచిది.

టెలిఫోను పెట్టేయబోతూ అబ్బాయి ఒక మాట అడిగాడు, వీలుంటే పేజీలో వెయ్యమని. ఈ వేసవి సెలవుల్లో ఎవరైనా కుటుంబాలతో కొండలకు వెళితే, దారిలో ఊట కనబడినప్పుడు అందులో నీళ్ళున్నాయో లేవో తారీకు వేసి రాసి ఉంచమన్నాడు. ఉన్నాయన్న కబురు ఎంతోమంది రాస్తారట. లేవన్నది రాసేవాళ్ళే దొరకడం లేదట.